‘వస్తా’ అనడం నేర్చుకున్న రాయి

ఒకప్పుడు రాళ్లు మాట్లాడేవి. ఎడ్లు మాట్లాడేవి. మబ్బులు కూడా కిందికి వంగి మనుషుల బాగోగులు అడిగి పోయేవి. ఆ కాలంలో నల్లగుట్ట కొన మీద ఒక రాయి ఉండేది. ఏనుగంత రాయి. బొగ్గులా నల్లగా ఉండేది.

ఏది కనబడినా ఆ రాయి అనే మాట ఒక్కటే. ‘రా!’

ఆ మాట అంటే చాలు, ఎంత దూరంలో ఉన్నదైనా కదిలి రావలసిందే. ఎండుటాకు వచ్చేది. వడ్ల పొట్టు వచ్చేది. పావురం ఈక వచ్చేది. అటికె మూత వచ్చేది, మూత వెనకాలే ఆ మట్టి అటికె వచ్చేది. వచ్చి రాయికి ఠప్పున అతుక్కునేది. అతుక్కున్నది మళ్లీ ఊడేది కాదు.

ఆ గుణం రాయికి ఊరికే రాలేదు. అది చిన్నప్పుడు గుట్ట మీద ఒంటరిగా ఏడుస్తుంటే, ఆకాశంలో పోతున్న మెరుపు విని జాలిపడింది. సర్రున దిగివచ్చి తల మీద చెయ్యి వేసింది. “ఏడవకు తమ్ముడూ. ఇకనుంచి నువ్వు ఎవరిని పిలిస్తే వాళ్లు వస్తారు” అని చెప్పి వెళ్లిపోయింది. తోడు కోసం ఇచ్చిన గుణం అది. రాయి దాన్ని దోపిడీకి వాడుకుంది.

గుట్ట కింద ఊరివాళ్లు ఏం చేశారో తెలుసా? అలవాటు పడ్డారు! కుండ మూతలకు తాళ్లు కట్టుకున్నారు. తలపాగాలను గడ్డం కింద ముడేసుకున్నారు. మేకల గడ్డాలన్నీ గుట్టవైపే వాలి ఉండేవి. “ఇదేమిటి?” అని మేకపిల్లలు అడిగితే, “మన గడ్డాలు ఇట్లనే ఉంటయి, నోరు మూసుకుని మేయండి” అని ముసలి మేకలు గదిమేవి. తమ సొమ్ము తమ కళ్లముందే ఎగిరిపోతుంటే తాళ్లు వెతుక్కున్నారే గానీ, గుట్ట ఎక్కి ఇదేం పని అని అడిగినవాడు ఒక్కడు లేడు. మండదా మరి?

మండింది. ఒక మనిషికి మండింది. ఆమె పేరు కొమురవ్వ.

కొమురవ్వది ఆ ఊరి కొలిమి. మగడు కాటోజు తిత్తులు ఊది నిప్పు రాజేస్తే, కొమురవ్వ సుత్తి దెబ్బ వేసేది. చేయి కొంచెం మొరటు, నోరు ఇంకొంచెం మొరటు. పని మాత్రం శుద్ధంగా ఉండేది.

ఆ ఊళ్లో ఒక ఆచారం ఉంది. నాగలి కొసకు తొడిగే ఇనుప ముక్కను కర్రు అంటారు. నేలను చీల్చేది అదే. తొలివానకు ముందు ఊళ్లోని కర్రులన్నీ ఒకేరోజు కొలిమికి రావాలి. ముందు నీది, తర్వాత నాది అని ఎవరూ అనకూడదు. కొమురవ్వ వాటిని కాల్చి, మొన సాగగొట్టి, సానరాయి మీద పదును పెట్టి, వాకిట్లో ఒకే కుప్పగా పోస్తుంది. మర్నాడు పొద్దున ఊరంతా కలిసి వచ్చి పసుపు బొట్టు పెట్టి తీసుకుపోతారు.

ఆ ఏడు కూడా అట్లాగే అన్నీ సిద్ధమయ్యాయి. కొమురవ్వ చివరి కర్రు సానబట్టి మగడి చేతికి ఇచ్చింది. కాటోజు దాన్ని పటకారుతో పట్టుకుని కుప్ప మీద పెట్టబోతున్నాడు.

గుట్ట మీద రాయికి ఆ కుప్ప కనబడింది. కొత్త పదునుకు ఎండ తగిలి తళతళమంటోంది.

“రా!” అంది రాయి.

కుప్ప కుప్పంతా లేచింది. కాకుల గుంపులా రివ్వున గుట్టవైపు ఎగిరింది. వాటి వెనకాల సుత్తి, సానరాయి, ఇనుమును పెట్టి కొట్టే దాగలి ఎగిరాయి. పటకారు కూడా లేచింది. వదిలెయ్యాలని కాటోజుకు తోచలేదు. పటకారుతో పాటు ఆయనా లేచాడు.

“ఓ కొమురీ! నేను పోతున్ననే!” అని గాలిలోంచి అరిచాడు.

“ఇడువయ్యా, పటకారు ఇడువు!”

“కొత్త పటకారే!” అంటూనే ఆయన గుట్ట చేరాడు.

అంతలోనే తూర్పున మబ్బు వచ్చింది. నిండుగా, నల్లగా, చూలాలిలా మెల్లగా వచ్చి ఊరి మీద ఆగింది. “ఏమమ్మా, దున్నారా?” అని అడిగింది.

“ఇంకా లేదు మబ్బమ్మా” అన్నారు ఊరివాళ్లు తలలు దించుకుని.

“దున్నని నేల మీద కురిస్తే నీళ్లన్నీ వాగులోకి జారిపోతయి. నా కష్టం వృథా, మీ ఏడాది వృథా. పడమటి గాలి బయలుదేరిందట. అది వచ్చేదాకా ఆగుతా. వస్తే నన్ను తోసుకుపోతది. నేను మళ్లీ వచ్చేది వచ్చే ఏడే” అంది మబ్బు.

కర్రు లేకపోతే దుక్కి లేదు. దుక్కి లేకపోతే పంట లేదు. గబగబా గుట్ట ఎక్కి రాయి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“దొరా, మా కర్రులు మాకియ్యి దొరా” అన్నాడు ఊరిపెద్ద రామిగాడు. గుట్ట కింద అతను రామిరెడ్డి. గుట్ట మీదకు రాగానే తన పేరును తనే తగ్గించుకున్నాడు.

రాయి కళ్లు సగమే తెరిచింది. “నేను ఎవరింటికైనా వచ్చానా? ఎవరి చేతిలోంచైనా గుంజుకున్నానా? నేను కూర్చున్న చోటే కూర్చున్నా. పిలిచా. అవే వచ్చాయి. ఇందులో నా తప్పేముంది?”

“నిజమే దొరా” అన్నాడు రామిరెడ్డి. అందరూ తలలూపారు. అందరూ దిగి వచ్చేశారు.

ఈ సంగతి కొలిమి దగ్గర విన్న కొమురవ్వకు అరికాలి మంట నెత్తికెక్కింది. “నిజమేనా? ఏంది నిజం? పిలిస్తే రాకుండా ఉండే దారి లేనప్పుడు అది పిలుపెట్లయితదయ్యా? అది గుంజుకోవడం కాదా?”

ఆమె కొలిమి మూల చూసింది. నేలలో సగం దిగబడి ఉండటం వల్ల ఎగరకుండా మిగిలిన గడ్డపార ఒక్కటే ఉంది. దాన్ని పెరికి, ఎగిరిపోకుండా కొంగుతో భుజానికి కట్టుకుంది. కొట్టంలోని ఎర్రెద్దు తాడు విప్పింది.

“నేనెందుకక్కా?” అంది ఎద్దు.

“గుంజడానికి.”

“నా కాళ్లకు లాడాలున్నయి. ఇనుపవి.”

“నేనే కదా కొట్టింది. నేనే ఊడదీస్త” అని నాలుగు లాడాలూ ఊడదీసి పారేసింది. అవి గుట్టవైపు ఎగిరిపోయాయి. “పోతే పోనీ, నడువు.”

గుట్ట కొన మీద చూస్తే రాయి ఒంటి నిండా ఊరి సొమ్మే! కర్రులు, కుండలు, చీపుళ్లు, ఈకలు, ఎవరిదో ఉయ్యాల. వాటన్నిటి మధ్యన పటకారు పట్టుకుని, వీపు రాయికి అతుక్కుని కాటోజు.

“వచ్చినవా? అంబలి తెచ్చినవా?” అన్నాడు.

“ఊరు మునుగుతుంటే అంబలేందయ్యా!”

“మునుగుడు తర్వాత. పొద్దటినుంచి ఏం తినలే.”

కొమురవ్వ ఒక కర్రు పట్టుకుని లాగింది. రాలేదు. ఎద్దుకు తాడు కట్టి లాగించింది. ఎద్దు మోకాళ్ల మీద పడింది గానీ కర్రు రాలేదు. ఇక గడ్డపారతో పెకలిద్దామని దాని మొన కర్రు సందులో పెట్టబోతే, గడ్డపార కూడా ఠంగున రాయికి అతుక్కుంది.

రాయి పకపకా నవ్వింది. “ఇంకేమైనా తెచ్చావా కమ్మరిదానా? తెస్తే అదీ పెట్టి పో.”

కొమురవ్వ నడుము మీద చేతులు పెట్టుకుని రాయిని పైనుంచి కిందిదాకా చూసింది. “చూడు దొరా. ఊరందరికీ నువ్వు దొరవేమో. కమ్మరోళ్లకు మాత్రం రాయంటే సానరాయే. నా సానరాయి నీ దగ్గరున్నది. అది ఇచ్చేదాక నువ్వే నా సానరాయివి!”

అని గడ్డపారను రెండు చేతులా పట్టుకుని రాయి మీద రాయడం మొదలుపెట్టింది.

కోపంలో చేసిన పిచ్చిపని అది. అక్కడ పదును పెట్టాల్సిన అవసరమే లేదు. కానీ కోపంలోనైనా చేతికి అలవాటైన పద్ధతి పోదు కదా! కమ్మరివాళ్లు పదును పెట్టేటప్పుడు ఇనుమును ముందుకూ వెనక్కూ రాయరు. అట్లా రాస్తే అంచు మడత పడుతుంది. ఒకే దిక్కుకు లాగుతారు. కొసదాకా లాగి, ఎత్తి, మళ్లీ మొదటికి వస్తారు. రాయికి అతుక్కున్న వస్తువు పీకితే రాదు గానీ జారిస్తే జారుతుంది. అందుకని గడ్డపార జారింది. కొస దాకా జారి, అంచు దాటి బయటికి రాగానే రాయి “రా!” అని మళ్లీ లాక్కునేది. కొమురవ్వ మళ్లీ మొదటినుంచి, అదే దిక్కుకు లాగేది.

సర్ర్... “రా!” సర్ర్... “రా!” సర్ర్... “రా!”

“ఏయ్, ఆపు! కితకితలు పెడుతున్నయి!” అని రాయి మెలికలు తిరిగింది. ఒంటి మీది కుండలన్నీ గలగలమన్నాయి.

“పెట్టనీ!” అంది కొమురవ్వ.

“నాకూ కితకితలవుతున్నయే” అన్నాడు కాటోజు.

అట్లా రాయగా రాయగా ఒక వింత జరిగింది. ఊడదీసిన లాడం మేకు ఒకటి ఎద్దు తోకకు చిక్కుకుని గుట్ట దాకా వచ్చి ఉంది. అది తోకలోంచి ఊడి, రాయివైపు కాకుండా గడ్డపార వైపు ఎగిరి, దాని మొనకు అతుక్కుంది!

కొమురవ్వ చెవి ఒగ్గింది. గడ్డపార సన్నటి గొంతుతో ఏదో గొణుగుతోంది. “రా... రా... రా...”

అంతసేపు ఒకే మాట చెవిలో పడితే ఎవరికి మాత్రం రాదు? రాయి మాట గడ్డపారకు పట్టుబడిపోయింది.

“ఓరి నీ!” అంది కొమురవ్వ. గడ్డపార మొనను గిర్రున తిప్పి రాయి ముఖానికి ఎదురుగా పెట్టింది. “అను బిడ్డా, ఇప్పుడను!”

“రా!” అంది గడ్డపార.

రాయి ఉలిక్కిపడింది. పుట్టినప్పటినుంచి దాన్ని ‘రా’ అన్నవాడు లేడు. “నన్నా? నువ్వు రా!”

“నువ్వే రా!”

“నేను రాను, నువ్వే రా!”

“నేనెందుకొస్తా, నువ్వే రా!”

ఇద్దరూ రమ్మనేవాళ్లే. వస్తానన్నవాడు లేడు. అట్లాంటివాళ్లిద్దరు ఎదురుబొదురు నిలబడితే ఏమవుతుంది? వాళ్ల మధ్య గాలి కూడా గట్టిపడింది. గడ్డపార వెనక్కి తన్నింది. కొమురవ్వ కాళ్లు నేలకు తన్నిపెట్టి ముందుకు నెట్టింది. రాయి గుట్ట మీద మొదటిసారి కదిలింది. ఆ పంతంలో పడి మిగతా వస్తువులను పట్టుకోవడం మరిచిపోయింది. ముందు ఈకలు రాలాయి. తర్వాత కుండలు రాలాయి. ఒక్కొక్క కర్రు ఖంగు ఖంగుమని కింద పడసాగింది. చివరికి కాటోజు బొక్కబోర్లా రేగుపొదలో పడ్డాడు.

“అమ్మో! కొంచెం పక్కకు పడేస్తే నీ సొమ్మేం పోయింది!” అని రాయిని తిట్టాడు.

“తిట్టుడు తర్వాత! వచ్చి పట్టుకో!” అని అరిచింది కొమురవ్వ. ఆమె మడమలు వెనక్కి జారుతున్నాయి. గడ్డపార దించిందంటే రాయికి మళ్లీ తెలివి వస్తుంది, అన్నీ మళ్లీ అతుక్కుంటాయి. కాటోజు ఒంటికి ముళ్లు ముళ్లుగానే వచ్చి పట్టుకున్నాడు. ఎద్దు తల ఆనించింది. అయినా చాల్లేదు. కొమురవ్వ గుట్ట అంచునుంచి కిందికి కేకేసింది. “ఓ ఊరోళ్లారా! చేతులు కట్టుకున్నది చాలు, ఒకసారి చేతులు పెట్టండి!”

కింద ఊరివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పడమర దుమ్ము లేస్తోంది. గాలి దగ్గరికి వచ్చేసింది. ముందు ఒక చాకలామె పరుగెత్తింది. ఆమె వెనక ఆమె అత్త. ఆ తర్వాత ఆగినవాడు లేడు. రామిరెడ్డి కూడా తలపాగా తాడు తెంపుకుని పరుగెత్తాడు. అందరూ గడ్డపార వెనక ఒకరి నడుము ఒకరు పట్టుకుని నెట్టారు. గడ్డపార “రా!” అంటోంది. రాయి “నువ్వే రా!” అంటోంది. గుట్ట కంపిస్తోంది.

ఆ గోలకు మబ్బులో కునుకు తీస్తున్న మెరుపు లేచింది. తళుక్కున దిగివచ్చి మధ్యలో నిలబడింది. “ఏమిటీ కొట్లాట? తమ్ముడూ, తోడు లేదని ఏడిస్తే నేనిచ్చిన గుణం ఇందుకా?”

“నా తప్పేం లేదక్కా. నేను పిలుస్తా, అవి వస్తాయి” అంది రాయి.

“నువ్వెప్పుడైనా ఎవరి దగ్గరికైనా పోయావా?”

అంత పెద్ద రాయి, చిన్నపిల్లాడి గొంతుతో అంది. “పోవడం నాకు రాదక్కా. నన్నెవరూ పిలవలేదు. ఇన్ని వచ్చి అతుక్కున్నాయి. ఒక్కటీ నాతో మాట్లాడదు.”

“గుంజుకొచ్చిన వాళ్లు ముచ్చట్లు చెప్తారా?” అంది కొమురవ్వ. కానీ ఆమె గొంతులో వేడి కొంచెం తగ్గింది. గడ్డపార మీద చెయ్యి తియ్యకుండానే అంది. “ఇగో, నేను పిలుస్తున్న. మా కొలిమికి రా. దొరలాగ కాదు, పనోడిలాగ. బూడిదల పడ్డ మేకులు ఏరాలె. పొట్టుల పడ్డ సూదులు వెతకాలె. పని చేసుకుంటూ మా నడుమ కూర్చో. వస్తవా?”

రాయి నోరు తెరిచింది. “వ... వ...” అలవాటు లేని మాట కదా, గొంతులో అడ్డం పడింది. ఊరివాళ్ల వెనకాలే గుట్ట ఎక్కివచ్చిన మేకలు కిసుక్కుమన్నాయి.

“నవ్వకండే! కొత్తగ నేర్చుకునేటోన్ని చూసి నవ్వుతరా!” అని కొమురవ్వ కసిరింది. “అను బిడ్డా, భయపడకు.”

“వ... వస్... వస్తా!”

ఆ మాట అన్నదో లేదో, ఇంతసేపు ‘రా, రా’ అంటున్న గడ్డపార ముందుకు దూకి రాయిని ఠప్పున కౌగిలించుకుంది. నెడుతున్న ఊరంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. అందరికంటే కింద రామిరెడ్డి.

మెరుపు నవ్వింది. “ఇప్పుడు న్యాయం చెప్తా. పొట్టు, ఈకలు, వెంట్రుకలు, తేలికవన్నీ ఇక నీవి కావు. వాటిని పిలిచే గుణం నేను తీసుకుంటున్నా. నాకూ అప్పుడప్పుడు ఆడుకోవాలి కదా. కుండలు, మనుషులు ఎవరికీ చెందరు. ఇక ఇనుమా, నీ సంగతేమిటి? నీకిష్టమైతేనే చెప్పు.”

కింద పడి ఉన్న కర్రులు, మేకులు, లాడాలు కాసేపు గుసగుసలాడుకున్నాయి. చివరికి ఒక కర్రు అంది. “వాడు రావడం నేర్చుకున్నాడు కాబట్టి, మేమూ పోతాం. కానీ దుక్కి రోజుల్లో కాదు. ఆ రోజుల్లో మేం నేలతల్లి పని మీద ఉంటాం.”

“సరే” అంది మెరుపు. రాయి వీపు మీద ఒక్కటి చరిచింది. ఏనుగంత రాయి ముక్కలు ముక్కలై గుట్ట మీదినుంచి ఊళ్లోకి దొర్లింది. ప్రతి ముక్కకు ఒక కొసన ‘రా’ ఉంది, రెండో కొసన ‘వస్తా’ ఉంది.

రాయికి మళ్లీ దొరతనం నెత్తికెక్కుతుందేమోనని భయపడి రామిరెడ్డి ఒక ముక్కను నడిమికి పగలగొట్టి చూశాడు. ‘రా’ ఒకవైపు, ‘వస్తా’ ఒకవైపు విడిపోతాయనుకున్నాడు. విడిపోలేదు. రెండు ముక్కలకూ రెండు మాటలు ఉన్నాయి. ఇంకా పగలగొట్టాడు. గోరంత ముక్కకు కూడా రెండూ ఉన్నాయి.

“పోనియ్యి, ఇక ఇడువు. ఉత్త ‘రా’తో ఒక్క ముక్క కూడా బతకదలుచుకోలేదు” అంది కొమురవ్వ.

ఊరంతా ఆ పూటే కర్రులు తొడిగింది. ఎవరి పొలం ముందు అని చూడలేదు. దొరికిన నాగలి పట్టుకుని, ఎదురైన చేను దున్నారు. పడమటి గాలి ఊరి పొలిమేర చేరేసరికి నేలంతా చాళ్లు చాళ్లుగా లేచి ఉంది. మబ్బు గాలిని చూసి, “కొంచెం ఆగు నాయనా, చేతిలో పనుంది” అని ఉన్న నీళ్లన్నీ కుమ్మరించింది.

ఆ వానలో కొమురవ్వ ఒక రాతి ముక్కను తెచ్చి కొలిమి చూరుకు దారంతో వేలాడదీసింది. బయట వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నేళ్లుగా ‘రా, రా’ అని అరిచిన రాయి మొదటిసారి నోరు మూసుకుని కూర్చుంది. అప్పుడు దానికి ఎక్కడో చాలా దూరంనుంచి, ఉత్తరం దిక్కునుంచి, ఒక పిలుపు వినబడింది.

“రా బిడ్డా...”

“ఎవరది?” అంది రాయి వణుకుతూ.

“నేను, భూమిని. నువ్వు పుట్టినప్పటినుంచి పిలుస్తూనే ఉన్నా. నీ అరుపుల్లో నీకు నా మాట వినబడలేదు.”

రాతి ముక్క దారం మీద అటూ ఇటూ ఊగింది. మెల్లగా తిరిగింది. దాని ‘వస్తా’ కొస ఉత్తరం దిక్కుకు తిరిగి ఆగిపోయింది.

అప్పటినుంచే సూదంటురాయి తేలిక పొట్టును వదిలి ఇనుమును పిలుస్తోంది. అప్పటినుంచే చలికాలంలో తల దువ్విన దువ్వెనకు దూదిపింజలు ఎగిరి అంటుకుంటున్నాయి, చిటచిటమంటున్నాయి. అది మెరుపు ఆట. అప్పటినుంచే రెండు ‘రా’ కొసలు ఎదురైతే ఒకదాన్నొకటి తోసేసుకుంటున్నాయి, రెండు ‘వస్తా’ కొసలు ఎదురైనా అంతే, పిలిచేవారు లేక పక్కకు తొలగుతున్నాయి. ‘రా’కు ‘వస్తా’ దొరికితే మాత్రం విడదీయడానికి వేళ్లు నొప్పి పుట్టాల్సిందే. ఇక, సూదంటురాయిని దారం కట్టి ఒంటరిగా వదిలి చూడండి. నడిసముద్రంలో పడవవాడి చేతిలోనైనా సరే, చీకటి పెట్టెలోనైనా సరే, కాసేపు వణుకుతుంది, తిరుగుతుంది, తర్వాత ఉత్తరం దిక్కుకు నిలబడిపోతుంది. ఇప్పటికీ అటునుంచి ఒక పిలుపు వస్తూనే ఉంది. ఇప్పటికీ అది ‘వస్తా’ అంటూనే ఉంది.